రాతికి తొలి తడి

పోయినవారం మనం ఏవ్రిల్‌ని వంటపాక గుమ్మంలో, చేతిలో ఉల్లిపాయల గిన్నెతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ గిన్నె ఆమె ఇంకా దించలేదు. దించే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి, పెరటినిండా జనం నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉండగా?

అమ్మమ్మ ఫిలోమెన్‌కి సమాధి రాయి నిలబెట్టే పండక్కి ఏవ్రిల్ బార్బడోస్ నుంచి కారియాకూ దీవికి వచ్చింది. ఆవిడ పోయి ఏళ్ళయింది. మట్టి సర్దుకుని, చేతిలో నాలుగు డబ్బులు కూడాక రాయి నిలబెట్టి, ఊరందరికీ అన్నం పెట్టి, డప్పులు వాయిస్తే గానీ పోయినవాళ్ళకి స్థిమితం ఉండదు. రాయి ట్రినిడాడ్ నుంచి పడవలో వచ్చింది. ఇప్పుడది అమ్మమ్మ మంచం మీదే తెల్ల దుప్పటి కప్పుకుని పడుకుంది. సమాధి దగ్గరికి మోసుకెళ్ళేముందు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దానిమీద నీళ్ళూ రమ్మూ పోసి తడపాలి. తొలి తడి మొగుడిది. మొగుడు లేకపోతే పెద్దకొడుకుది. అది అందరికీ తెలిసిన వరసే. అందుకే పెద్దకొడుకు గాస్టన్ కోటు వేసుకుని సీసా అందుకోబోతున్నాడు. సరిగ్గా అప్పుడు పక్కింటి ఉర్సులీన్ కర్ర ఊతంతో లేచి, “ఫిలో నా కల్లోకి వచ్చింది. తొలి తడి నన్నే పొయ్యమంది,” అంది.

కారియాకూలో పోయినవాళ్ళు కల్లోకొచ్చి అడిగితే కాదనేవాడు లేడు. మేకని కొయ్యమంటే కొయ్యాలి, ఊరికి భోజనం పెట్టమంటే అప్పుచేసైనా పెట్టాలి. బతికున్నవాళ్ళు నోరు తెరిచి అడగలేని సంగతులు కూడా చాలామటుకు ఆ కలల దారినే వస్తాయని అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ అనరు.

గాస్టన్ మాత్రం అన్నాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. సగం జీవితం సముద్రం మీద పడవలు నడిపినవాడు, ఇప్పుడు చర్చిలో ముందుబెంచీ మీద కూర్చునేవాడు. గొంతు పెంచడం ఆయనకి అలవాటు లేదు. ఉర్సులీన్‌ని చిన్నప్పటినుంచీ టాంటీ అనే పిలుస్తాడు, అంటే పిన్ని.

“టాంటీ, నువ్వంటే నాకు గౌరవమే. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన చెయ్యి నీది. కానీ కల రక్తం పంచుకున్నవాళ్ళకొస్తుంది. పక్కింటికి రాదు.”

“పక్కింటికి దారి తెలీదా ఫిలోకి?” అంది ఉర్సులీన్. “రోజూ నడిచిన దారేగా.”

పొయ్యిల దగ్గర కిసుక్కుమన్నారు. వంటలకి పెత్తనం చేస్తున్న డెల్టా, మొక్కజొన్న పిండి కలిపే గరిట పైకెత్తి, “చచ్చినవాళ్ళని పాస్‌పోర్టు చూపించమంటున్నావేంటి గాస్టన్?” అంది. డెల్టా నోట్లో నువ్వుగింజ నానదు. కానీ నిజంగా పనికొచ్చే సంగతి అడిగితే అదే నోరు తాళం వేసుకుంటుంది. ఆ తాళం రుచి ఏవ్రిల్‌కి బాగా తెలుసు.

గాస్టన్ నవ్వలేదు. “పోనీ, కల వచ్చిందనే అనుకుందాం. తొలి తడి పోసేవాళ్ళు రాయి మీద చెయ్యి పెట్టి, పోయినావిడకి తామేమవుతారో అందరికీ వినపడేలా చెప్పాలి. కొడుకునైతే కొడుకునని. నువ్వేమని చెప్తావు టాంటీ? పొరుగుదాన్ననా?”

ఉర్సులీన్ నోరు తెరిచింది, మూసుకుంది. అంత పొడుగు మనిషి అందరి ముందూ కుంచించుకుపోయినట్టయింది, చూస్తున్నవాళ్ళకే జాలేసింది.

అప్పుడు గాస్టన్ ఏవ్రిల్ వైపు తిరిగాడు. “ఇదిగో మన డాక్టరమ్మ. ఈ దీవి ముసలమ్మలందరి కథలూ దీని టేపుల్లో ఉన్నాయి. ఆడవాళ్ళ చరిత్రకి ప్రొఫెసర్ కాబోతోంది. నువ్వే చెప్పమ్మాయ్. మొగుడూ కాక, రక్తమూ కాక, ఎవరైనా తొలి తడి పోసిన సంగతి ఎక్కడైనా విన్నావా? నీ మాటే ఆఖరు.”

ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటే ఇదే.

ఏవ్రిల్ చదువుకునే రోజుల్లో ఈ దీవుల చరిత్రంటే గవర్నర్లు, చెరుకుతోటల దొరలు, పడవల కెప్టెన్లు. “ఆడవాళ్ళ గురించి రాయడానికేముంది? పిల్లల్ని కన్నారు, కూర వండారు,” అన్నాడొక మాస్టారు, అదీ క్లాసులో, అందరూ నవ్వుతుండగా. ఆ నవ్వుకి జవాబుగా ఆమె టేపు రికార్డరు భుజానికి తగిలించుకుంది. మగవాళ్ళు ట్రినిడాడ్‌కీ, అరూబాకీ, మారకైబోకీ పడవలెక్కి పోతే వెనక ఈ దీవిని నడిపినదెవరో ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఎండలో, మేకల కంచెల పక్కన, బట్టలుతికే రాళ్ళ మీద కూర్చుని అడిగింది. అదంతా పుస్తకమైంది. పుస్తకానికి ప్రాణం అమ్మమ్మ ఫిలోమెన్: జానెట్ తుఫానులో భర్త కెప్టెన్ ఎడ్మండ్‌ని పోగొట్టుకుని, మళ్ళీ మగవాడి ముఖం చూడకుండా, రొట్టెలు కాల్చి బిడ్డల్ని పెంచిన ఒంటరి విధవ. అట్ట మీద ఆవిడ బొమ్మే. ఆ పుస్తకం మీదే ఇప్పుడు ప్రొఫెసర్ పదవి వాకిట్లోకి వచ్చింది. వచ్చేనెల పెద్ద హాల్లో ఉపన్యాసం ఇవ్వాలి. ఆ ఉపన్యాసమూ అమ్మమ్మ గురించే.

మరి ఉర్సులీన్‌ని అడిగిందా? లేదు. ఉర్సులీన్ ఆమెకి నెన్నెన్. చర్చిలో నీళ్ళు చల్లించిన రోజు చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతల్లి. నెన్నెన్ అడుగుతుంది, పిల్లలు జవాబు చెప్తారు. తిరిగి అడగడం ఈ దీవిలో లేదు. ఊళ్ళోవాళ్ళ అమ్మమ్మల్ని మీరెవరితో కాపురం చేశారని మొహమాటం లేకుండా అడిగిన ఏవ్రిల్, సొంత నెన్నెన్‌ని మోకాలు నొప్పిగా ఉందా అని కూడా అడిగి ఎరగదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈమె రచ్చ గెలిచింది, ఇంటి గడప మాత్రం దాటలేదు.

“ఒక్క నిమిషం మావయ్యా,” అంది ఏవ్రిల్. గిన్నె డెల్టా చేతిలో పెట్టింది. “నెన్నెన్‌తో మాట్లాడి చెప్తాను.”

*

గదిలో చల్లగా ఉంది. మూలనున్న బల్ల మీద పెద్దలకి పెట్టిన పళ్ళెం, ఉప్పు లేని అన్నమూ మాంసమూ, పైన గుడ్డ కప్పి ఉంది. నెన్నెన్ నేరుగా వెళ్ళి మంచానికి కిటికీ వైపు అంచున, రాయి పక్కనే కూర్చుంది. ఎక్కడ కూర్చోవాలో చూసుకోవాల్సిన అవసరం ఆవిడకి లేకపోవడం ఏవ్రిల్ గమనించింది.

“నెన్నెన్, మిమ్మల్ని ఒకటి అడగొచ్చా?”

“ఇన్నేళ్ళకి అడిగావు,” అంది నెన్నెన్. “ఏదీ నీ టేపు డబ్బా?”

“డబ్బా వద్దు. ఊరికే అడుగుతున్నాను.”

“తెచ్చుకున్నా నాకేం అభ్యంతరం లేదు పిల్లా. ఎన్ని ఎండాకాలాలు వచ్చావు నువ్వు, ఆ డబ్బా వేసుకుని. డెల్టా దగ్గరికి వెళ్ళావు. ఆ చెవిటి మేరియా దగ్గరికి వెళ్ళావు, అది అడిగిందొకటైతే చెప్పేదొకటి. ప్రతిసారీ నా గేటు ముందునుంచే పోయేదానివి. నేను గంజిపెట్టిన గౌను వేసుకుని వరండాలో కూర్చునేదాన్ని, ఈసారి నా వంతేమోనని. నువ్వు చెయ్యి ఊపి, బాగున్నారా నెన్నెన్ అని వెళ్ళిపోయేదానివి.”

ఏవ్రిల్ చదివిన చదువూ, రాసిన రాతలూ అన్నీ ఆ వరండా ముందు సిగ్గుతో నిలబడ్డాయి. “మిమ్మల్ని అడిగితే మర్యాద తప్పుతుందనుకున్నాను,” అంది, కళ్ళు తుడుచుకుంటూ.

“తప్పుతుంది. తప్పితే ఏమైందిట? నిన్ను తిట్టి, తర్వాత చెప్పేదాన్ని.” నెన్నెన్ దుప్పటి మడత సర్దింది. “ముందు ఇది విను. మీ తాత తుఫానులో పోలేదు.”

ఏవ్రిల్‌కి మాట అందింది, అర్థం అందలేదు.

“ఆ ఏడాది ఆయన మారకైబోలో చమురు కంపెనీ పడవల మీద ఉన్నాడు. ఇంటికొస్తున్నానని కబురు పంపాడు. ఆయన ఎక్కాల్సిన పడవ తుఫానులో మునిగింది, నిజమే. ఆయన ఎక్కలేదు. ఆ ముందురోజే ఇంకో పడవలో వచ్చిన వంటవాడు ఫిలోని పక్కకి పిలిచి చెప్పాడు. కెప్టెన్ రాడమ్మా, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు, ఆవిడ ఉంది, బిడ్డ ఉంది అని. రాత్రికే తుఫాను కొట్టింది. తెల్లారేసరికి ఊరంతా ఏడుపులు. పడవ పోయిందని తెలిశాక అందరూ వచ్చి ఫిలోని పట్టుకుని ఏడ్చారు. అది నా వంక చూసింది. నేనే అన్నాను, చూడు ఫిలో, వదిలేసిన పెళ్ళాం అనిపించుకుంటావా, విధవ అనిపించుకుంటావా? విధవకైతే చర్చివాళ్ళు బియ్యం ఇస్తారు. పిల్లలు తలెత్తుకుని తిరుగుతారు. అది నవ్వింది. అన్ని శవాల మధ్య, నోటికి గౌను అంచు అడ్డం పెట్టుకుని నవ్వింది. దాని నల్లగౌను నేనే కుట్టాను.” నెన్నెన్ నిట్టూర్చింది. “ఇద్దరం కలిసి ఆయన్ని చంపేశాం పిల్లా. ఏసుప్రభువు క్షమించాలి.”

“ఆ తర్వాత?”

“తర్వాతేముంది. నా ఇంటికప్పు గాలికి లేచిపోయింది. కప్పు వేయించేదాకా అని ఇక్కడికొచ్చాను. కప్పు వేశారు. నేను పోలేదు. పగలు నా ఇంట్లో, పొద్దుగూకితే ఇక్కడ. మంచానికి ఈ వైపు నాది. అది ఊపిరి వదిలినప్పుడు కూడా నేనిక్కడే ఉన్నాను, దాని కాళ్ళు వెచ్చబడ్డానికి నా కాళ్ళమధ్య పెట్టుకుని.”

“ఊరికి తెలుసా నెన్నెన్?”

“ఊరికి తెలియనిదేముంటుంది. ఊరు అడగలేదు, మేం చెప్పలేదు.”

ఏవ్రిల్ గోడకి ఆనుకుని కిందనే కూర్చుండిపోయింది. ఒంటరి, విధవ. పుస్తకం మొత్తం ఆ రెండు మాటల మీద నిలబడి ఉంది. ఆ రెండూ అబద్ధమే. ఎవరో కుళ్ళుబోతు ప్రొఫెసర్ బయటపెట్టి ఉంటే పోట్లాడేది. నెన్నెన్‌తో ఏం పోట్లాడుతుంది?

మనసు మంచిదే గానీ, బుద్ధికి దాని లెక్కలు దానికుంటాయి. ఇప్పుడు బయటికెళ్ళి, “అలాంటిది ఎక్కడా వినలేదు మావయ్యా,” అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. గాస్టన్ తొలి తడి పోస్తాడు. పుస్తకం అలాగే ఉంటుంది, హాల్లో చప్పట్లు అలాగే మోగుతాయి. నెన్నెన్ పొరుగువాళ్ళ వరసలో చివర నిలబడుతుంది. ఆ ఆలోచన తనకి వచ్చినందుకు ఏవ్రిల్‌కి తనమీద తనకే అసహ్యం వేసింది. వచ్చిన మాట మాత్రం నిజం.

నెన్నెన్ ఆ ముఖం చదివేసింది. “నీ పుస్తకానికి చేటైతే వద్దులే,” అంది మెత్తగా. “చివర్లోనే పోస్తాను. చివర్లో నిలబడటం నాకేం కొత్త కాదు. దాన్ని పూడ్చిన రోజు కూడా అక్కడే నిలబడ్డాను.”

ఇక ఆ మాటతో ఏవ్రిల్ లేచి నిలబడింది. అప్పుడే తలుపు దగ్గర అలికిడైంది. గాస్టన్.

ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆలస్యమవుతోందని పిలవడానికి వచ్చినవాడు సగం తెరిచిన తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నెన్నెన్ ముఖం పాలిపోయింది. “గాస్టన్, నాయనా, మీ నాన్న…” అనబోయింది.

“నేను చూశాను ఆయన్ని,” అన్నాడు గాస్టన్. లోపలికొచ్చి తలుపు మూశాడు. “పంతొమ్మిదేళ్ళప్పుడు, మారకైబో రేవులో. పిండి బస్తాలు దింపుతుంటే ఒకాయన నా నడక చూసి పిలిచాడు. ఇంటికి తీసుకెళ్ళాడు. చేపలపులుసు పెట్టించాడు. మీ అమ్మ ఎలా ఉందని అడిగాడు.”

“నువ్వేమన్నావు?” నెన్నెన్ గొంతు వినపడీ వినపడనట్టుంది.

“విధవగా సుఖంగా ఉందని చెప్పాను.”

ఏవ్రిల్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నెన్నెన్ కర్ర కింద పడేసుకుంది. “మరి ఇన్నేళ్ళూ ఒక్కమాట చెప్పలేదేంరా?”

“మీరిద్దరూ అంత కష్టపడి చంపారు. మళ్ళీ బతికించడానికి నాకు మనసొప్పలేదు.”

బయట డప్పులు సరిచేసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు ఏవ్రిల్ అడిగింది, కాస్త కోపంగానే. “అంతా తెలిసి అందరిముందూ నెన్నెన్‌ని అలా ఎందుకు నిలదీశావు మావయ్యా?”

గాస్టన్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. “తెలియడం వేరు, గట్టిగా వినడం వేరు అమ్మాయ్. తుఫానులో ఇంటికొస్తూ పోయిన కెప్టెన్ కొడుకునని ఈ ఊళ్ళో నాకో పేరుంది. ఆయన కోసం ఖాళీ గోతి మీద రాయి కూడా నేనే నిలబెట్టాను. టాంటీ ఇవాళ రాయి మీద చెయ్యిపెట్టి నిజం చెప్తే, రేపటినుంచి నేనెవరి కొడుకుని?”

నీళ్ళు నిండిన కళ్ళతో అడిగాడు. అంత పెద్ద మనిషి తన తల్లి గదిలో చిన్నపిల్లాడిలా నిలబడి అడుగుతుంటే ఏవ్రిల్ కోపం ఆవిరైపోయింది. అయినా వెనక్కి తగ్గలేదు.

“నా మాటే ఆఖరన్నావు.”

“అన్నాను.”

“నువ్వడిగింది నా టేపుల్లో ఎక్కడా లేదు. ఎందుకు లేదంటే నేనెవర్నీ అడగలేదు. నాకు కావలసిన కథ ముందే నా దగ్గరుంది. అడక్కుండా లేదని చెప్పడం నా పనికాదు మావయ్యా. తొలి తడి నెన్నెన్ పోస్తుంది.”

“మరి నీ పుస్తకం?”

“తిరగరాస్తాను.”

“ఆ ప్రొఫెసర్ కుర్చీ ఇస్తారంటావా, తిరగరాస్తే?”

“ఏమో. వాళ్ళకి ఒంటరి విధవే కావాలంటే ఆ కుర్చీ వాళ్ళే ఉంచుకుంటారు.” ఇరవై ఏళ్ళ కష్టం అది, నోటిమాటగా తేల్చేసే సంగతి కాదు. అయినా చెప్పాక ఏవ్రిల్‌కి ఎక్కడో హాయిగా ఉంది.

గాస్టన్ తలుపు తెరిచాడు.

*

గది చిన్నది. పట్టినంతమంది లోపలికొచ్చారు, మిగిలినవాళ్ళు తలుపులోంచీ కిటికీలోంచీ తలలు పెట్టారు. “తొలి తడి నెన్నెన్‌ది,” అని చెప్పింది ఏవ్రిల్. గుంపులో ఒక గుసగుస లేచి, గాస్టన్ ముఖం చూసి అణిగిపోయింది. ఆయనే వంగి కర్ర తీసి నెన్నెన్‌కి ఇచ్చాడు. నీళ్ళ గ్లాసు ఒక చేత్తో, రమ్ము సీసా ఒక చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

నెన్నెన్ దుప్పటి తొలగించి రాయి మీద అరచెయ్యి పెట్టింది.

“ఫిలో, నేను. ఉర్సులీన్‌ని. ఇదే మంచం మీద, ఈ పక్కన, నీతో కాపురం చేసినదాన్ని. నీళ్ళు తెచ్చాను. తాగు.”

నీళ్ళు పోసింది, రమ్ము పోసింది. కిటికీలోని తలల్లో ఒక్కటీ కదల్లేదు. వెనకెక్కడో ఎవరో పొడిగా దగ్గారు. ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది. నెన్నెన్ అలాగే నిలబడింది, తల దించుకోలేదు.

రెండో వంతు గాస్టన్‌ది. ఆయన ఒక చెయ్యి రాయి మీద పెట్టాడు. రెండో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాల్లో ఉంచి, చివరికి నెన్నెన్ భుజం మీద వేశాడు.

“అమ్మా, నేను గాస్టన్‌ని,” అన్నాడు. “మీ ఇద్దరి కొడుకుని.”

నెన్నెన్ అప్పుడు ఏడ్చింది. అమ్మమ్మ చావుకి కూడా జనంలో ఏడవని మనిషి, పదిమంది చూస్తుండగా గాస్టన్ కోటులో ముఖం పెట్టుకుని బావురుమంది. ఏవ్రిల్ తన వంతు తడి ఎలా పోసిందో, ఏమని చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

తర్వాత మిగిలిన బంధువులు, ఆ తర్వాత పొరుగువాళ్ళు. ఒక్కొక్కరే వచ్చి పోసి వెళుతున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అనరు కూడా, కనీసం ఇవాళ. ఉపన్యాసంలో మొదటి వాక్యం ఏం రాయాలా అని ఏవ్రిల్ అప్పుడే ఆలోచనలో పడింది. కొత్తది ఒక్కటీ తట్టలేదు. పాతవన్నీ పోయాయి.

చివరికి డెల్టా వచ్చింది. చేతులకంటిన పిండి గౌనుకి తుడుచుకుని నీళ్ళు పోసి, “నీ పొరుగుదాన్ని ఫిలో, నీ రొట్టెలు తిన్నదాన్ని,” అంది. రమ్ము పోసింది. పోసి వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. రాయి మీంచి చెయ్యి తియ్యకుండా ఏవ్రిల్ వైపు తిరిగింది. ఎప్పుడూ వెటకారం ఆడే ఆ ముఖంలో ఇవాళ నవ్వు జాడ లేదు.

“అమ్మాయ్, నువ్వొచ్చినప్పుడల్లా నేను మొక్కజొన్న ధరలు చెప్పి పంపించేదాన్ని,” అంది.

“అవును డెల్టా.”

“నాకూ ఒక కల వచ్చింది. ఫిలో గురించి కాదు.” తలుపులో నిలబడ్డ తన మొగుడి వైపు ఒక్కసారి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. “వెళ్ళి నీ డబ్బా పట్రా.”